పెళ్లిలో ఒక్క ఖాళీ గది అడిగితే గొంతెమ్మ కోరికా?

తమ్ముడి పెళ్లికి ఫంక్షన్ హాల్ వాళ్లు ఇచ్చిన కొటేషన్ రెండు పేజీలు. డీజే, పొగ మెషిన్, కిళ్లీ కౌంటర్, లైవ్ దోసెలు, అన్నీ ఉన్నాయి. నేనొకటి చేర్చమన్నా: పైన ఉన్న ఆరు గదుల్లో ఒకటి ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉంచండి, గోల భరించలేనివాళ్లు కాసేపు కూర్చోడానికి. మేనేజర్ నన్ను వింతగా చూశాడు. మా పెద్దమ్మయితే "గోల లేకపోతే అది పెళ్లెలా అవుతుందే" అంది.

నా బాధంతా అక్క కొడుకు గురించి. ఏడేళ్లు వాడికి, ఆటిజం. మూడేళ్ల క్రితం ఒక పెళ్లిలో చెవులు మూసుకుని నేల మీద పడి ఏడుస్తుంటే "మొండి వేషాలు, ఒకటి తగిలించు" అన్నవాళ్లే గానీ సౌండ్ తగ్గించమన్నవాళ్లు లేరు. అక్క వాణ్ని తీసుకెళ్లి కారులో కూర్చుంది. విస్తట్లో తినాల్సింది ప్యాకెట్ కట్టించి అక్కడికే పంపాం. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కీ రాలేదు. శుభలేఖలో మాత్రం "సకుటుంబ సపరివార సమేతంగా" అని వేయిస్తాం.

పెళ్లిలో మౌనవ్రతం పట్టమనట్లేదు. జీలకర్ర బెల్లం దగ్గర, తాళి దగ్గర గట్టిమేళం ఎందుకు? ఎవరి తుమ్మో, అపశకునపు మాటో వినపడకూడదని. పని అయిపోగానే ఆగుతుంది. డీజేకి ఆగడం తెలీదు. 100 డెసిబెల్స్ మోతలో 15 నిమిషాలకు మించి ఉండకూడదని అమెరికాలో కార్మికుల కోసం నియోష్ సంస్థ లెక్కగట్టింది. మనం చంటిపిల్లల్ని నాలుగు గంటలు కూర్చోబెడతాం. రాత్రి పదింటికి ఆపాలి కదా అంటారా? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చదవండి, నాలుగు గోడల మధ్య ఉన్న హాళ్లకు అందులో మినహాయింపు ఉంది. అంటే మోత హాలు దాటి బయటికొస్తే పక్కింటివాళ్లకైనా ఏదో దారి ఉంది గానీ, పిలిస్తే వచ్చి లోపల కూర్చున్న చుట్టాలకు లేదు.

ఇంటి ముందు పందిరి వేసి చేసిన రోజుల్లో ఎవరూ ఇలాంటి గది అడగలేదు. తలనొప్పొస్తే పెరట్లో నవారు మంచం ఉండేది, లేదా పక్కింటి అరుగు. హాలుకి పెరడెక్కడిది?

సరే, పోట్లాడి గది సాధించా. చాపలు, నాలుగు దిండ్లు, మంచినీళ్లు, ఒకటే లైటు. తలుపు మీద కాగితం: "మాటలు, ఫోన్లు, ఫొటోలు వద్దు." మొదటి గంటలోనే కెమెరా వాళ్లు బ్యాగులు తెచ్చి పడేశారు. ఆ తర్వాత బాబాయిలు ముగ్గురు పేక పట్టుకుని వచ్చారు! "మేం మాట్లాడం లేమ్మా" అట. పంపించేసి గడప దగ్గర కుర్చీ వేసుకుని నేనే కాపలా కూర్చున్నా.

అప్పుడు చూశా ఎవరెవరు వస్తున్నారో. పాలిచ్చే ఒకమ్మాయి. వినికిడి మెషిన్ తీసి కొంగున ముడేసుకుని పడుకున్న నాయనమ్మ. మొన్నీమధ్యే భర్త పోయిన మా వదిన కూడా వచ్చింది. కింద ప్రతి ఒక్కరూ "ఎలా జరిగిందమ్మా" అని మొదట్నుంచీ చెప్పించుకుంటుంటే, ఇక్కడ గోడవైపు తిరిగి అరగంట కూర్చుంది. నేనేం అడగలేదు. అక్క కొడుకు మూడుసార్లు పైకొచ్చాడు, మూడుసార్లూ వాడంతట వాడే కిందికి దిగాడు. తలంబ్రాలు చూశాడు. ఈసారి అక్క పంక్తిలో కూర్చుని తింది.

మాఘంలో పిన్ని కూతురి పెళ్లి. నిన్న హాలు చూడ్డానికి వెళ్లా. ఖాళీ ఉన్న గది ఒక్కటే, సరిగ్గా స్పీకర్ల గోడ వెనకాల. ఇంకోటి అడిగితే మేకప్ వాళ్లకి రెండు కావాలంటున్నారు. బేరం నడుస్తోంది.