సవరణ: 0.883 లెక్క ఏ సైకిల్‌కి?

సీటు ఎత్తు గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో "కాలి లోపలి పొడవును 0.883తో గుణించండి" అని మాత్రమే ఉంది. బెంగళూరు మిత్రులు కొందరు ఎక్కడి నుంచి కొలవాలి, ఏ సైకిల్‌కైనా ఇంతేనా అని అడిగారు. అందుకే ఈ వివరణ.

చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటు తగిలినంత గట్టిగా పైకి నొక్కండి. దాని పై అంచు నుంచి నేలదాకా ఎంతో చూడండి. 80 సెంటీమీటర్లు వస్తే, 0.883తో గుణిస్తే సీటు ఎత్తు 70.6 సెంటీమీటర్లు. ఈ ఎత్తుని నేల నుంచి కాదు, పెడల్ నుంచీ కాదు, క్రాంకు (పెడల్ బిగించిన కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం వెంబడే సీటు పైదాకా కొలవాలి.

అమెరికా సైకిల్ రేసర్ గ్రెగ్ లెమాండ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన ఈ లెక్క రోడ్డు సైకిల్‌ది. నంది హిల్స్ ఎక్కేవాళ్లు దీంతో మొదలుపెట్టొచ్చు. తురహళ్లి మట్టిదారుల్లో దిగేటప్పుడు ఇదే ఎత్తు ప్రమాదం, ఒళ్లు వెనక్కి జరపడానికి చోటుండదు. దయచేసి ముందే కొన్ని సెంటీమీటర్లు దించండి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగుతూ వెళ్లేవాళ్లకి కాలి మునివేళ్లు నేలకి అందడమే ముఖ్యం.

ఏ లెక్కైనా ఆరంభమే. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టు. మోకాలి ముందువైపు నొప్పి పుడితే చాలాసార్లు తక్కువైనట్టు. మార్చేటప్పుడు అయిదేసి మిల్లీమీటర్లే మార్చండి. సీటు రాడ్ మీది హద్దు గీత మాత్రం ఎప్పుడూ బయటికి కనపడకూడదు.