‘ఇన్’ అన్నవాడు ఇంట్లోనే ఉన్నాడు

మా కొండాపూర్ బ్యాడ్మింటన్ వాట్సాప్ గ్రూపులో వందల మంది ఉన్నారు. డబుల్స్‌కి కావలసింది నలుగురు. ఆ నలుగురు దొరకరు. పోయాక మోయడానికి నలుగురుండాలంటారు పెద్దలు, మా గ్రూపువాళ్లని నమ్ముకుంటే ఆ కార్యక్రమం కూడా పోస్ట్‌పోన్ అవుతుంది.

గ్రూపు డీపీలో 2016 రియో రజత పతకంతో సింధు. గోపీచంద్ అకాడమీ పక్కనే గచ్చిబౌలిలో ఉంది కాబట్టి తమ ఒంట్లో కూడా సగం ఒలింపిక్ రక్తమేనని సభ్యుల గట్టి నమ్మకం. అక్కడి పిల్లలు తెల్లారకముందే కోర్టులో ఉంటారన్న సంగతి మాత్రం వీళ్ల రక్తంలోకి ఎక్కలేదు.

రాత్రి పదింటికి అడ్మిన్ గారు పోల్ పెడతారు. ‘రేపు ఉదయం 6, రెండు కోర్టులు.’ చూస్తుండగానే ఎనిమిది ‘ఇన్’లు, వాటి వెనకాల కండల బొమ్మలు, మంటల బొమ్మలు. ‘ట్రై చేస్తా’ అన్నవాళ్లు వేరే, వాళ్లని మనుషుల కింద లెక్కపెట్టొద్దు. ఆ తర్వాత అసలు ఆట మొదలవుతుంది: షటిల్ ఫెదరా, నైలానా? ఫెదర్ అయితే 16 ఈకలూ ఒకే వైపు రెక్కవి అయి ఉండాలని, బాతువి కాదు పెద్దబాతువి అయితేనే నిలబడతాయని ఒకాయన అర్ధరాత్రి దాకా ఉపన్యాసం ఇస్తాడు, ఇంకొకాయన తన రాకెట్ స్ట్రింగ్ టెన్షన్ ఎన్ని పౌండ్లో చెప్పి మనకి టెన్షన్ పెడతాడు.

తెల్లవారి ఆరు కాకముందే వికెట్లు పడటం మొదలు. ఒకరికి లైట్‌గా ఫీవర్. ఒకరి కారుకి అడ్డంగా ఎవరో బండి పెట్టారట. ఒకరు ‘వర్షం పడేలా ఉంది గైస్’ అంటాడు, ఇండోర్ కోర్టుకి. ఒకరికి ఆన్‌సైట్ కాల్, ఆదివారం పూట! ‘దారిలో ఉన్నా’ అని వాయిస్ మెసేజ్ పెట్టినవాడి వెనకాల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, కుక్కర్ కూత కూడా. ఈకల శాస్త్రవేత్త అయితే ఫోనే ఎత్తడు. ఆరుంబావుకి చూస్తే రెండు కోర్టులకి ఇద్దరం, మమ్మల్ని చూసి జాలిపడుతున్న కోర్టు కుర్రాడు. అద్దె అడ్మిన్ గారు ముందే కట్టేశారు కదా, మీ వాటా పంపండి అంటే, ‘నేను ఆడలేదు కదా బ్రో!’

సరే, బద్ధకం. దాన్ని క్షమించొచ్చు.

మొన్నామధ్య ఒక అమ్మాయి చేరింది. ఉద్యోగానికని ఊరికి కొత్తగా వచ్చింది, ఇక్కడ ఎవరూ తెలియదు. ‘ఉదయంపూట ఆడేవాళ్లెవరైనా ఉన్నారా? నేను బిగినర్‌ని’ అని అడిగింది. గ్రూపులో ఒక్కడూ పలకలేదు. గ్రూపులో చేరితే నంబరు అందరికీ కనిపిస్తుంది కదా, పలకరింపులన్నీ అక్కడికి వెళ్లాయి. ‘హాయ్.’ ‘ఏ హాస్టల్?’ ‘ఫ్రీగా కోచింగ్ ఇస్తా.’ ‘డీపీ బాగుంది.’ రాత్రి ఒంటిగంటకి ‘పడుకున్నారా?’ ఫీవర్ తగ్గిపోయింది, కారుకి అడ్డం తొలగిపోయింది, ఆన్‌సైట్ వాడు కూడా కాల్ కట్ చేసినట్టున్నాడు.

ఒరేయ్, సిగ్గులేదురా? ఆ పిల్ల అడిగింది నెట్‌కి అవతల రాకెట్ పట్టుకుని నిలబడే ఒక మనిషిని. అంతే. ఆట కోసం ఇచ్చిన నంబరు నీ అర్ధరాత్రి కాలక్షేపానికి ఇచ్చినట్టా? గ్రూపుకి పెట్టుకున్న డీపీలో ఉన్నది ఎవరో ఒకసారి చూసి, ఆ తర్వాత టైప్ చేయండ్రా! ఆమెకీ ఆట నేర్చుకున్న మొదటి రోజంటూ ఒకటి ఉంటుంది, ఆ రోజు మీలాంటివాళ్లు తగల్లేదు కాబట్టి మనకి పతకం వచ్చింది.

ఆ అమ్మాయి స్క్రీన్‌షాట్లన్నీ గ్రూపులో పెట్టి వెళ్లిపోయింది. అడ్మిన్ గారు వెంటనే వాటిని డిలీట్ చేసి, ‘ఓన్లీ స్పోర్ట్స్ ప్లీజ్, గ్రూపు వాతావరణం చెడగొట్టొద్దు’ అని హెచ్చరించారు. హెచ్చరిక ఎవరికో తెలియలేదు. సాయంత్రానికి పరిష్కారం కూడా కనిపెట్టారు, లేడీస్‌కి విడిగా గ్రూపట. లింక్ పెట్టిన పది నిమిషాల్లో చేరతామని రిక్వెస్టులు వచ్చాయి, అన్నీ మా మగమహారాజులవే. ఒక్కడూ డ్రాప్ అవలేదు.