మైనస్ ఏడు గారికి

మహారాజశ్రీ మైనస్ ఏడు గారికి, రాజమండ్రి నుంచి ఒక పచ్చళ్ల వ్యాపారి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

కుశలం అన్నది ఆనవాయితీ కొద్దీ రాశాను. మా వెబ్‌సైట్ స్టాక్ పట్టికలో, గోంగూర పచ్చడి అరకిలో గడిలో తమరు ఎర్రగా దిగిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరికీ కుశలం లేదు. మా అత్తయ్యగారు కళ్లజోడు సర్దుకుని తమరిని చాలాసేపు చూసి ఒకటే మాట అడిగారు: "సీసాలు లేకపోతే సున్నా అంటారు గానీ, సున్నాకన్నా ఎక్కువగా ఎలా లేకుండా పోతాయి అమ్మాయ్?" నలభై ఏళ్లుగా జాడీల్లో గరిటె పెడుతున్న మనిషి. ఏ జాడీలోనూ అడుగు తగిలాక గరిటె ఇంకా కిందికి దిగలేదట.

పాత వెబ్‌సైట్ నత్తనడక నడుస్తోందని కొత్త ప్లాట్‌ఫామ్‌కి మారాం. సరుకంతా ఒక్క క్లిక్కుతో వచ్చేస్తుందన్నారు. అబద్ధం కాదు, నిజంగానే ఒక్క క్లిక్కు. శనివారం రాత్రి నొక్కాను, ఆదివారం పొద్దున్నే తమరి దర్శనం అయింది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. స్టూలు వేసుకుని అటకెక్కి లెక్కపెడితే గోంగూర సీసాలు 19 ఉన్నాయి. డబ్బులు కట్టేసినా మేమింకా ప్యాక్ చేయని ఆర్డర్లు 13. పాత సైటు ఆర్డర్ పడగానే సరుకు తీసేసేది కాబట్టి, మిగిలినవి 6 అని చూపించింది. నేను సీసాలు చూడకుండా ఆ ఆరునే కొత్త సైటులో ‘చేతిలో ఉన్న స్టాక్’ అని ఎక్కించాను. వెనకాలే ఆ 13 ఆర్డర్లు కూడా దిగాయి. కొత్త సైటు పద్ధతిగా మళ్లీ 13 తీసేసింది. ఆరులోంచి పదమూడు పోతే తమరు. అంటే ఉన్న సరుకునే లేదని చెప్పి, రెండు రోజులు గోంగూర అమ్మకం ఆపించారు.

మీ మీద కోపం అంతవరకే. ఎందుకంటే మీ కింది గడుల్లో పచ్చగా నవ్వుతూ కూర్చున్న ఆవకాయ అంకెలు మీకన్నా ఘనులు. మా దగ్గర మిగిలింది ఒకే జాడీ, 20 కిలోలు. కొత్త సైటులో పావుకిలో, అరకిలో, కిలో అని మూడు సైజులకూ మూడు గడులు. నేను జాడీ మొత్తం దానిదే అన్నట్టు ఒక్కోదానికీ రాసుకుంటూ పోయాను: 80, 40, 20. ఒక్క జాడీ కాస్తా మూడు జాడీలై 60 కిలోలైంది. ఆవకాయ అలా పిల్లలు పెడుతుందని తెలిస్తే వేసవిలో అన్ని మామిడికాయలు కొట్టించేదాన్ని కాదు.

కార్తీకమాసం, వనభోజనాల సీజన్. జాడీ అడుగు కనిపించాక కూడా 3 కిలోలు అమ్మేశాం. అప్పుడు సైటు ఎంతో బాధ్యతగా ఒక మెయిల్ పంపింది: స్టాక్ తగ్గుతోంది, వెంటనే తెప్పించుకోండి అని. నవంబర్‌లో ఎక్కడి నుంచి తెప్పించను? మామిడిచెట్టుకి ఆర్డర్ పెట్టనా? ఫోన్లు చేసి క్షమాపణలు చెప్పుకున్నాను. కూకట్‌పల్లి నుంచి ఒకాయన మాత్రం, "పోనీలెండమ్మా, మాగాయ ఉంటే పంపండి" అన్నారు. ఆయన చల్లగా ఉండాలి.

తమరి బంధువర్గంలో ఎక్సెల్ గారి గురించి కూడా ఒక మాట. మే నెలలో పెట్టిన రెండో విడత ఆవకాయకు ఇంగ్లిషులో మే-2 అని కోడ్ పెట్టుకున్నాను. సరుకు జాబితా ఫైలు తెరవగానే ఆయన దాన్ని మే 2వ తేదీగా మార్చేసి, అంకెని ముందుకూ నెలని వెనక్కూ జరిపారు. కొత్త సైటు ఆ కోడ్‌ని గుర్తుపట్టలేక, ఎవరో కొత్త సరుకనుకుని వేరే పేజీ తెరిచింది. ఇది నా ఒక్కదాని తెలివితక్కువ కాదులెండి. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే శాస్త్రవేత్తలే మార్చ్1 లాంటి పేర్లు తేదీలైపోతుంటే వేగలేక, 2020లో ఏకంగా జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఇక 890తో మొదలయ్యే పదమూడంకెల బార్‌కోడ్లన్నిటినీ ఆయన కుదించి ఒకే అంకె చేసి సేవ్ చేశారు. మా కారప్పొడీ నిమ్మకాయ పచ్చడీ ఇప్పుడు కవలపిల్లలు.

మొత్తానికి నిన్న రెండు సైట్లలోనూ అమ్మకం ఆపి, ప్రతి సీసా చేత్తో పట్టుకుని లెక్కపెట్టాం. అత్తయ్యగారు చెబుతుంటే నేను రాశాను. మారకముందు చేయాల్సిన పని మారాక చేశాను. ఆవకాయని ఇకనుంచి కిలోల్లోనే ఒకచోట ఉంచి, ఏ సైజు అమ్మినా అందులోంచే తగ్గేలా పెట్టించాను. ‘స్టాక్ అయిపోయినా అమ్మకం కొనసాగించు’ అనే టిక్కు కొన్ని సరుకులకు ఎవరు పెట్టారో తెలియదు, తీసేశాను. కాబట్టి తమరు ఇక దయచేయవచ్చు.

ఇట్లు,
అటక మీద నుంచి,
తమరి శ్రేయోభిలాషి

తా.క.: ఉత్తరం ముగించి చూస్తే గుమ్మడి వడియాల గడిలో 1 అని ఉంది, అటక మీద ఒక్క ప్యాకెట్టూ లేదు. నిన్న రాత్రి చుట్టాలొస్తే అత్తయ్యగారు పప్పులోకి వేయించేశారట. నాకు చెప్పాలి కదా అంటే, "మనింట్లో వడియాలు తినడానికి కూడా ఆర్డర్ పెట్టాలా?" అన్నారు.