ఉపగ్రహ చిత్రంతో ప్రహరీ గోడ తగాదా తేలదు

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇక సర్వేయర్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఉపగ్రహ చిత్రం ఇస్తే చాలు, డీప్ లెర్నింగ్ మీ స్థలం హద్దు సెంటీమీటరు తేడా లేకుండా గీస్తుంది. చిత్రం మసకగా ఉన్నా స్పష్టం చేస్తుంది" అని. డీప్ లెర్నింగ్ అంటే వేల చిత్రాలు చూసి నేర్చుకున్న కంప్యూటర్ ప్రోగ్రాం, దాన్నే మోడల్ అంటారు. ఆరిలోవలో మా పక్క వీధివాళ్లు ఇద్దరు దీన్ని నమ్మి, ప్రింటు తీసుకొచ్చి మరీ గోడ దగ్గర గొడవపడ్డారు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటిది, సెంటీమీటరు మాట. ఉచితంగా దొరికే సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహం చిత్రంలో ఒక్క పిక్సెల్, అంటే ఒక్క చుక్క, నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మన లెక్కలో దాదాపు 120 గజాలు! చిన్న ఇల్లయితే మొత్తం ఒక్క చుక్కలో కలిసిపోతుంది. 2019లో ఇస్రో పంపిన కార్టోశాట్-3 నలుపు తెలుపు చిత్రంలో కూడా పిక్సెల్ సుమారు 25 సెంటీమీటర్లు. తొమ్మిదంగుళాల గోడ కంటే అదే ఎక్కువ.

పైగా ఉపగ్రహం ఎప్పుడూ నెత్తి మీద నుంచే ఫొటో తీయదు. 25 డిగ్రీలు వాలుగా తీస్తే 10 మీటర్ల ఎత్తున్న మేడ పైకప్పు నాలుగున్నర మీటర్లు పక్కకు జరిగినట్టు పడుతుంది. మోడల్ గీసేది ఆ పైకప్పు అంచునే, పునాదిని కాదు. మనలా కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్లు కట్టుకున్నచోట నేల ఎత్తును సరిచూడకపోతే తప్పు ఇంకా పెరుగుతుంది.

మసక చిత్రం స్పష్టమవడం అంటారా, అక్కడ మోడల్ చేసేది ఊహ. శిక్షణలో చూసిన వేల చిత్రాలను బట్టి "ఇక్కడ ఇలాంటి అంచు ఉండొచ్చు" అని నింపుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కొలతకు పనికిరాదు.

అసలు హద్దు ఉండేది దస్తావేజులో. దాన్ని ఏ కెమెరా చూడగలదు? 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేకి కూడా డ్రోన్లు ఎగరేసి ఊరుకోలేదు, రోవర్లు అనే, ఉపగ్రహ సిగ్నళ్లతో స్థలాన్ని కొలిచే పరికరాలు పట్టుకుని మనుషులు పొలాల్లోకి దిగారు.

ఈ సాంకేతికత దండగ అని మాత్రం నేను అనను. 2015లో జీవకణాల చిత్రాల కోసం తయారైన యూ-నెట్ లాంటి మోడళ్లు ఇవాళ పైకప్పులను, రోడ్లను, చెరువులను ఊళ్లకు ఊళ్లే గుర్తుపడుతున్నాయి. ముడసర్లోవ జలాశయంలో నీళ్లు ఎంతమేర తగ్గాయో, కంబాలకొండ అడవి అంచున కొత్త కట్టడాలు ఎక్కడ లేస్తున్నాయో ఏడాదికేడాది పోల్చి చూడటానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. గోడ సంగతికి మాత్రం దస్తావేజు తీసి, సర్వేయర్‌ని పిలవండి.