హైబ్రిడ్ కారుకి ‘హైబ్రిడ్ టైర్లే’ వేయాలా? ఆ మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం

హైబ్రిడ్ కారు, అంటే ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు, ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు ఈ మెసేజ్ పంపే ఉంటారు. అందులో ఉండేది క్లుప్తంగా ఇది: "హైబ్రిడ్‌కి మామూలు టైర్లు వేయకూడదు. వేస్తే మైలేజీ సగానికి పడిపోతుంది, బ్యాటరీ త్వరగా పోతుంది. హైబ్రిడ్ అనో ఈవీ (ఎలక్ట్రిక్ కారు) అనో రాసి ఉన్నవే కొనండి. గాలి టైరు మీద రాసి ఉన్నంతా పట్టించండి. ఒక సైజు పెద్దది వేస్తే ఇంకా మంచిది. బ్రేకుల పని మోటారే చూసుకుంటుంది కాబట్టి టైర్లు పెద్దగా అరగవు. డబ్బులు సరిపోకపోతే మోటారు ఉన్న ముందు చక్రాలకి కొత్తవి వేసి, పాతవి వెనక్కి మార్చండి."

ఇందులో నిజం ఒక్కటే ఉంది, మిగతాదంతా దాని చుట్టూ అల్లిందే. కొన్ని మాటలు నమ్మితే డబ్బు దండగ, అంతే. రెండు మాటలు మాత్రం వాన పడ్డ రోడ్డు మీద ప్రాణాల మీదికి తెస్తాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ నిజం సంగతి. టైరు దొర్లేటప్పుడు రోడ్డుకి ఆనిన చోట నొక్కుకుపోతుంది, దాటగానే మళ్ళీ లేస్తుంది, అలా నొక్కుకుని లేచే ప్రతిసారీ కొంత శక్తి వేడి రూపంలో పోతుంది. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. మామూలు కారులో బ్రేకు తొక్కినప్పుడల్లా శక్తి వృథా అవుతుంది, హైబ్రిడ్‌లో అందులో కొంత మోటారు తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. కానీ టైర్లలో వేడిగా పోయింది, గాలిని తోసుకుంటూ వెళ్ళడానికి ఖర్చయింది ఏ మోటారూ తిరిగి తేలేదు. కాబట్టి హైబ్రిడ్ ఇంధన ఖర్చులో టైర్ల వాటా, శాతంలో చూస్తే, మామూలు కారు కన్నా కాస్త ఎక్కువే. తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ ఉన్న టైర్లు హైబ్రిడ్‌కి మంచివి అంటే నేనూ ఒప్పుకుంటాను.

"మైలేజీ సగానికి పడిపోతుంది" అన్నది మాత్రం శుద్ధ అబద్ధం. రోలింగ్ రెసిస్టెన్స్ పది శాతం మారితే మైలేజీలో తేడా ఒకటి నుంచి రెండు శాతం ఉంటుందని అమెరికా ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు 2006లో ఇచ్చిన నివేదికలో లెక్క కట్టింది. హైబ్రిడ్ కాబట్టి రెండు శాతమే అనుకుందాం. లీటరుకి 25 కిలోమీటర్లు ఇచ్చే కారుకి ఇరవై శాతం అధ్వాన్నమైన టైర్లు వేశారనుకోండి, నాలుగు శాతం తగ్గి 24 వస్తుంది. ఒక కిలోమీటరు. దాన్ని లెక్కలోంచి తీసేయమనను, టైర్ల జీవితకాలం మొత్తం మీద చూస్తే అది పనికొచ్చే డబ్బే. కానీ సగం ఎక్కడ, నాలుగు శాతం ఎక్కడ?

"లేదండీ, టైర్లు మార్చాక మా కారు మైలేజీ నిజంగానే పడిపోయింది" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు చెప్పేది నిజమే, కారణం దగ్గరే పొరపాటు పడుతున్నారు. అరిగిపోయిన టైరు మీద రబ్బరు పలచగా ఉంటుంది, నొక్కుకుని లేవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు, కాబట్టి రోలింగ్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. అంటే మీరు టైర్లు మార్చే ముందు రోజు వరకు చూసిన మైలేజీ, ఆ టైర్లు వాటి జన్మలో ఇచ్చిన అతి మంచి మైలేజీ. దానితో దళసరి ట్రెడ్ (రోడ్డుకి ఆనే గాడుల రబ్బరు) ఉన్న కొత్త టైరుని పోలిస్తే, అచ్చం అదే కంపెనీ అదే మోడల్ వేసినా తక్కువే కనిపిస్తుంది.

దీనికి తోడు ఓడోమీటరు చేసే మాయ ఒకటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. 195/65 ఆర్15 సైజు టైరు వ్యాసం కొత్తగా ఉన్నప్పుడు సుమారు 634 మిల్లీమీటర్లు. ట్రెడ్ 8 మిల్లీమీటర్ల నుంచి 2కి అరిగితే వ్యాసంలో 12 మిల్లీమీటర్లు పోయినట్టు. చక్రం చిన్నదైంది కాబట్టి అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, ఓడోమీటరు లెక్కపెట్టేది చుట్లనే కాబట్టి కారు వెళ్ళిన దానికన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ దూరం చూపిస్తుంది. కొత్త టైర్లు వేయగానే ఆ అదనపు కిలోమీటర్లు మాయమవుతాయి. పెట్రోలు ఒక్క చుక్క కూడా ఎక్కువ తాగకుండానే డిస్‌ప్లేలో మైలేజీ తగ్గుతుంది. ఈ రెండూ కలిస్తే అనుకున్న మైలేజీ రాలేదని టెన్షన్ పడేవాళ్ళకి జవాబు చాలావరకు దొరికినట్టే. కొత్త టైర్ల మైలేజీ తేల్చాలంటే కొన్ని వేల కిలోమీటర్లు తిరగనివ్వండి, ఆ తర్వాత వేరే కొత్త టైర్లతో పోల్చండి, మీ పాత అరిగిన వాటితో కాదు.

బ్యాటరీ పోతుందన్న మాటకి పెద్ద చర్చ అక్కర్లేదు. హైబ్రిడ్ బ్యాటరీని కంప్యూటరు ఎప్పుడూ మధ్యస్థంగానే ఉంచుతుంది, పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. టైరు కాస్త బరువుగా దొర్లితే ఇంజను కాస్త ఎక్కువ పని చేస్తుంది, అంతే.

ఇక "ఈవీ టైర్లే కొనండి" అన్న సలహా. ఈవీ టైర్లు ఊరికే పుట్టలేదు, బ్యాటరీ వల్ల ఆ కార్లు వందల కిలోలు బరువెక్కుతాయి, మోటారు టార్కు (చక్రాన్ని తిప్పే బలం) ఒక్కసారిగా వస్తుంది, ఇంజను శబ్దం లేక టైరు హోరు బాగా వినిపిస్తుంది, అందుకని కొన్నింటి లోపల శబ్దం తగ్గించే ఫోమ్ కూడా అంటిస్తారు. ప్లగ్ పెట్టి చార్జ్ చేయని మామూలు హైబ్రిడ్‌లో బ్యాటరీ చిన్నది, కారు బరువు అదే తరగతి పెట్రోలు కారు కన్నా మరీ అంత ఎక్కువేం ఉండదు. సైజు, లోడు సరిపోతే ఈవీ టైరు వేసుకున్నా నష్టం లేదు, కానీ అది తప్పనిసరి అని చెప్పడం అన్యాయం. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ సంగతి వేరు, దాని బ్యాటరీ పెద్దది, కాబట్టి అక్కడ లోడు ఇండెక్స్ విషయంలో అసలు రాజీ పడకూడదు.

లోడు ఇండెక్స్ అంటే ఏమిటో తెలియాలంటే టైరు పక్క భాగం మీద వేలు పెట్టి చదవండి. 195/65 ఆర్15 91హెచ్ అని ఉంటే, 195 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 65 శాతం, 15 రిమ్ము అంగుళాలు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వరకు తట్టుకోగలదు. డ్రైవరు డోరు తీస్తే పక్కనున్న స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో సైజు, గాలి లెక్క ఉంటాయి, మిగతావి మాన్యువల్‌లో దొరుకుతాయి. వీటిలో ఏదీ తగ్గకూడదు. హైబ్రిడ్ అన్న అక్షరాలు టైరు మీద ఉన్నాయా లేదా అన్నది ఈ అంకెల తర్వాతి మాట.

గాలి గురించిన సలహా ప్రమాదకరం. టైరు మీద రాసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, అది మీ కారుకి పట్టించాల్సిన గాలి కాదు. కారుకి ఎంతో డోరు స్టిక్కరు చెబుతుంది, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. గాలి ఎక్కువైతే రోలింగ్ రెసిస్టెన్స్ తగ్గే మాట నిజమే, అందుకే కొందరు ఆశపడతారు. కానీ ట్రెడ్ మధ్యలో ఉబ్బి రోడ్డుకి ఆనే భాగం చిన్నదవుతుంది, మధ్య భాగం ముందే అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. పట్టించాల్సిన దాని కన్నా తక్కువ గాలితో తిరిగేవాళ్ళే నిజానికి ఎక్కువ. బాగున్న టైరులో కూడా నెలకి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది, చలికాలం వస్తే ఇంకా తగ్గుతుంది. నెలకోసారి చూసుకోండి, గాలి తగ్గి పోయే మైలేజీ పోకుండా ఉంటుంది.

సైజు పెంచితే మైలేజీ పెరుగుతుందనడానికి జవాబు కార్ల కంపెనీల అంకెల్లోనే ఉంది. యూరప్‌లో 2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్ 15 అంగుళాల చక్రాలతో కిలోమీటరుకి 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదిలితే, వెడల్పాటి 17 అంగుళాల చక్రాలతో 92 గ్రాములు వదిలింది. కారు అదే, మారింది చక్రాలే. కొత్త ప్రియస్‌కి 19 అంగుళాలు ఉన్నాయి కదా అంటారేమో, దాని టైరు వెడల్పు చూడండి, 195 మిల్లీమీటర్లే. ఎత్తు పెంచి వెడల్పు పెంచకుండా, కారంతా దానికి తగ్గట్టు కట్టారు. మనం షాపులో నిలబడి తీసుకునే నిర్ణయం అలాంటిది కాదు.

"బ్రేకుల పని మోటారే చూసుకుంటుంది" అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మోటారు ఆదా చేసేది బ్రేకు ప్యాడ్లని, డిస్కుల్ని. కారుని ఎవరు నెమ్మది చేసినా, ఆ బలం చివరికి రోడ్డుకి చేరేది టైరు రబ్బరు ద్వారానే. పైగా ముందు చక్రాలతో నడిచే హైబ్రిడ్‌లో లాగడం, తిప్పడం, మోటారుతో నెమ్మదించడం, మూడూ ముందు టైర్ల మీదే పడతాయి. అందుకే సుమారు పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి మార్పించుకోవాలి. ఎవరైనా హఠాత్తుగా అడ్డం వచ్చి గట్టిగా తొక్కినప్పుడు మామూలు బ్రేకులే రంగంలోకి దిగుతాయి, అప్పుడు కారు ఎక్కడ ఆగుతుందో తేల్చేది టైరు పట్టు.

ఆ పట్టు గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు, నాకు కోపం వచ్చిందీ అందుకే. మైలేజీ కోసం రబ్బరుని మారిస్తే తడి రోడ్డు మీద పట్టు తగ్గే అవకాశం ఎప్పటినుంచో ఉంది. 1990ల మొదట్లో మిషెలిన్ లాంటి కంపెనీలు ట్రెడ్‌లో సిలికా కలపడం మొదలుపెట్టాక రెండూ కలిసిన మంచి టైర్లు సాధ్యమయ్యాయి, కానీ ఎకో అని రాసిన ప్రతి టైరూ అలాంటిది కాదు. యూరప్ లేబుల్ ఉన్న టైరైతే తేల్చడం తేలిక, 2021 మే నుంచి అందులో ఇంధనానికి ఒక అక్షరం, తడి పట్టుకి ఒక అక్షరం, ఏ నుంచి ఈ వరకు ఉంటాయి, ఏ అంటే అన్నిటికన్నా మంచిది. ఇంధనంలో బీ, తడి పట్టులో ఏ ఉన్న టైరుని, ఇంధనంలో ఏ, తడి పట్టులో సీ ఉన్న టైరు కన్నా నేను కళ్ళు మూసుకుని ముందు పెడతాను. పోయేది లీటరుకి అర కిలోమీటరో, ఇంకాస్తో.

చివరిగా, రెండే కొంటే కొత్తవి ముందు వేయమనడం. కొత్తవి వెనక ఉండాలి. తడిలో ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలామందికి అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని సరిచేయడం మామూలు డ్రైవరు వల్ల అయ్యే పని కాదు. మోటారు ఎక్కడ ఉందన్నదానితో దీనికి సంబంధం లేదు. ఇప్పటికే ముందు వేయించుకున్నవాళ్ళు షాపుకి వెళ్ళి అవి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించుకోండి, పనిలో పనిగా బ్యాలెన్సింగ్ కూడా చూడమనండి.