అమరావతిని ఫోన్‌లో చూస్తే తప్పేంటి?

చెన్నైలో ఉంటూ ఎగ్మోర్ మ్యూజియంకి వెళ్లకుండా ఫోన్‌లో అమరావతి శిల్పాలు చూడడమేంటని అడిగేవాళ్లున్నారు. వెళ్తానండీ, వీలైనప్పుడల్లా వెళ్తాను. అయినా ఆన్‌లైన్ ప్రదర్శనల్ని తీసిపారేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అమరావతి స్తూపం శిల్పాలు ఒక్కచోట లేవు. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపినవాటిలో కొన్ని ఎగ్మోర్‌లోనే ఉండిపోయాయి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 120కి పైగా ఉన్నాయి. గుంటూరులో ఉండే మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, చెన్నై రావడమే గగనం. ఇక లండన్ సంగతి చెప్పాలా?

బుద్ధుడి కథలోని నలగిరి ఏనుగుని చెక్కిన గుండ్రటి ఫలకం ఎగ్మోర్‌లోదే. మదమెక్కిన ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వీధిలోకి వస్తుంది. అదే ఏనుగు, అదే రాతిలో, కాస్త పక్కన బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. హాల్లో మన చూపంతా ఏనుగు మీదే. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తూ అమ్మ మాత్రం పైన మేడ కిటికీల దగ్గర ఆగిపోయింది. "వీళ్లని చూడవే, భయపడుతూనే తొంగి చూస్తున్నారు" అంది. ఆ తర్వాత ఒక్కో మొహం దగ్గరా ఆగుతూ చాలాసేపు చూసింది. ఇది చూడడం కాదని ఎలా అంటారు?

నా అసలు కోపం మాత్రం ఈ ఆన్‌లైన్ ప్రదర్శనల్ని తయారుచేసేవాళ్ల మీద. 360 డిగ్రీల టూర్ అంటూ నేల మీద బాణాలు నొక్కుకుంటూ గదులన్నీ తిరగమంటారు. తీరా శిల్పం దగ్గరికెళ్తే మసక! ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటోలో రాయి అప్పడంలా చదునుగా కనిపిస్తుంది. చెక్కడం లోతు తెలియాలంటే నీడ పడాలి, వెలుతురు పక్క నుంచి రావాలి. నాలుగు దిక్కుల నుంచీ లైటు వేసి తీసిన ఫోటోల్ని కలిపి, చూసేవాళ్లే వెలుతురుని అటూ ఇటూ జరుపుకునేలా చేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. రెంబ్రాంట్ గీసిన 'నైట్ వాచ్'ని ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2022లో 71,700 కోట్ల పిక్సెల్స్‌తో ఆన్‌లైన్‌లో పెట్టింది. రంగులో పగుళ్లు కూడా కనిపిస్తాయి. మనకి అంత అక్కర్లేదు, అందులో పిసరంత శ్రద్ధ చాలు.

పక్కన మనిషి బొమ్మ ఒకటి పెడితే శిల్పం ఎంత పెద్దదో తెలుస్తుంది. అదీ ఉండదు. వివరణ ఉంటే ఇంగ్లీషులో, అదీ పండితులకి. పల్నాటి రాయి మీద చెక్కిన కథ పల్నాడు వాళ్లకి అర్థమయ్యేలా తెలుగులో నాలుగు ముక్కలు రాయడానికి ఏం అడ్డం? అక్కడున్నవి రెండు ఏనుగులు కావు, ఒకే ఏనుగు అని చెప్పండి చాలు. మిగతాది చూసేవాళ్లే చూసుకుంటారు.