బైకు ముందు షాకప్ నూనె: ఫోన్లలో తిరుగుతున్న నాలుగు మాటలకు జవాబు

నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ ప్రాంతాల బండ్లవాళ్ల ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతున్నది. బైకు ముందు చక్రానికి ఉండే షాకప్‌లలోని నూనెను సీలు కారేదాకా మార్చనక్కర లేదనీ, మార్చవలసి వస్తే ఇంజన్‌కు పోయగా మిగిలిన ఆయిలే చాలుననీ, బ్రేకు కొట్టగానే బండి ముందుకు దిగబడుతుంటే ఇంకో 50 మిల్లీలీటర్లు ఎక్కువ పోయాలనీ, ఏదేమైనా ఈ పని ఇంట్లో ఎవరూ చేయరాదనీ దాని సారం. ఏళ్ల తరబడి ఈ పనిని ఇంటి ముందర వేపచెట్టు కింద చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఇందులో మొదటి మూడు మాటలు తప్పనీ, నాలుగోది సగమే నిజమనీ చెప్పవలసి వస్తున్నది.

సీలు కారకపోతే నూనె బాగున్నట్టే అన్నది మొదటి మాట. సీలు పని నూనెను బయటికి పోనివ్వకపోవడమే తప్ప, లోపలి నూనె ఏ స్థితిలో ఉన్నదో అది చెప్పదు. షాకప్ ఆడిన ప్రతిసారీ లోపల జారే వలయాలైన బుష్‌లూ స్ప్రింగూ గొట్టాలను రాసుకుంటాయి; ఆ అరుగుడు పొడి ఎటూ పోయే దారి లేక నూనెలోనే కలుస్తుంది, ఎందుకంటే ఇంజన్‌కు ఉన్నట్టు దీనికి ఫిల్టరు లేదు. మొన్నటి ఎండాకాలం మా బావమరిది బండిని విప్పాను. అయిదేళ్లు సాగర్ రోడ్డు మీద తిరిగినా బయటికి ఒక్క చుక్క కారని బండి అది. డబ్బాలోకి దిగిన నూనె బూడిద నీళ్లలా ఉండి, ఎండకు పట్టి చూస్తే వెండి రజను పోసినట్టు మెరిసింది. కుళ్లిన చేపల వాసనకు పిల్లలు లోపలికి పరుగెత్తారు. ఇక సీలు కారేదాకా ఆగడం ప్రమాదం కూడా: కారిన నూనె డిస్కు మీదికీ ప్యాడ్ల మీదికీ చేరితే ముందు బ్రేకు పట్టదు.

రెండో మాట అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది. పాతకాలపు ఇంగ్లండు బండ్లకు ఇంజన్ ఆయిల్‌నే పోయమని వాటి పుస్తకాల్లోనే ఉండేది కాబట్టి ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. అయితే అవి ఆ నూనెకు తగ్గట్టు రంధ్రాలు పెట్టిన షాకప్‌లు. మన బండ్ల షాకప్ లోపల డంపర్ గొట్టానికి ఉన్న సన్నని రంధ్రాల గుండా నూనె అటూ ఇటూ తోసుకుపోవాలి. ఆ తోపుడులోని అడ్డంకే స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా ఆపుతుంది. అంటే ఇక్కడ నూనె చిక్కదనం దానికదే ఒక విడిభాగం. 40 డిగ్రీల వేడి దగ్గర కొలిస్తే 10డబ్ల్యూ రకం ఫోర్క్ ఆయిల్ (షాకప్‌ల కోసమే చేసిన నూనె) చిక్కదనం సుమారు 30 సెంటీస్టోకులు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) ఉంటుంది, 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్‌ది 100 దాటుతుంది. డబ్బాల మీది అంకెలు ఒకే కొలమానంలా కనిపించినా ఇంజన్ ఆయిల్ అంకెల లెక్క వేరు, ఫోర్క్ ఆయిల్ లెక్క వేరు. అంతెందుకు, రెండు కంపెనీల 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిళ్లే ఒకదానితో ఒకటి సరిపోలవు. ఇంజన్ ఆయిల్ అంత చిక్కటిది పోస్తే గుంతలో దిగిన షాకప్ పైకి లేచేలోపే రెండో గుంత వస్తుంది, కంకర తేలిన రోడ్డు మీద నాలుగైదు దెబ్బలకే అది కిందనే ఉండిపోతుంది, ఆ తర్వాతి దెబ్బలన్నీ నేరుగా మణికట్టుకు తగులుతాయి.

నూనె ఎక్కువ పోయమన్న మూడో మాటకు చిన్న లెక్క చాలు. నూనె పైన ఉన్న గాలి కూడా స్ప్రింగులాగే పనిచేస్తుంది. షాకప్ పూర్తిగా చాచి ఉన్నప్పుడు గాలి స్తంభం 200 మిల్లీమీటర్లు అనుకుందాం. 120 దిగితే 80 మిగులుతుంది, అంటే ఒత్తిడి సుమారు రెండున్నర రెట్లు. నూనె మట్టాన్ని 40 మిల్లీమీటర్లు పెంచితే మొదట 160 ఉన్న గాలి స్తంభం అదే 120 దిగేసరికి 40కి నలిగి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడి మొదట తోసేది సీలునే. ముందు భాగం దిగబడడానికి స్ప్రింగు కుంగిపోవడమో నూనె పలచబడడమో కారణమైతే, దానికి మందు ఇది కాదు.

ఇంట్లో చేయరాదన్నది తలకిందులుగా, అంటే లావు గొట్టం పైకీ సన్నది కిందికీ ఉండే షాకప్‌లకూ, నూనెను అదుపు చేసే భాగాలు కార్ట్రిడ్జ్ అనే విడి గొట్టంలో ఉన్నవాటికీ, సీలు మార్పుకూ నిజమే. వాటికి ప్రత్యేక పనిముట్లు కావాలి. మామూలు షాకప్‌లో నూనె మార్పు మాత్రం ఓపిక ఉన్నవాళ్లు చేయగలరు. ఇంజన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం నేలకు తగలకుండా లేపాలి. షాకప్‌ను పైన పట్టి ఉంచే క్లాంపు బోల్టు వదులు చేశాకే షాకప్ మూత తిప్పాలి. మూత కింద స్ప్రింగు ఒత్తిడితో ఉంటుంది కనుక ముఖం పక్కకు పెట్టి, చివరి చుట్లలో అదిమిపట్టి విప్పాలి. షాకప్‌ను బండి నుంచి ఊడదీసి పాత నూనె వంచేశాక లోపలి గొట్టాన్ని పదిసార్లు ఆడించి మిగిలింది కూడా దింపాలి. చాలా మాన్యువళ్లలో రెండు కొలతలు ఉంటాయి, ఒకటి నూనె మార్పుకు, రెండోది షాకప్‌ను పూర్తిగా విప్పి కడిగినప్పటికి. తొందరలో రెండోది చూసి కొందరు ఎక్కువ పోసేస్తుంటారు. మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజితో రెండు షాకప్‌లకూ సమానంగా కొలిచి పోసి, ఆడించి గాలి పోగొట్టి, స్ప్రింగు తీసి గొట్టం పూర్తిగా దింపి ఉన్నప్పుడు పై అంచు నుంచి మట్టం చూసుకోవాలి. అన్నీ బిగించాక ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను గట్టిగా పదిసార్లు నొక్కి, మెరిసే గొట్టాన్ని తెల్లగుడ్డతో తుడిచి వదిలేయండి. మర్నాడు పొద్దున దాని మీద సన్నని నూనె వలయం కనిపిస్తే బండిని బయటికి తీయకుండా సీలు మార్పించండి.